ప్రొపెల్లర్ సంగతి తర్వాత, ముందు పెట్రోలు చూడు

చి. అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు మిస్సోరీలో 24 అడుగుల సెకండ్‌హ్యాండ్ స్పీడ్‌బోటు కొన్నావట. 300 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారట. ఆగస్టు చివర్లో లేక్ ఆఫ్ ది ఓజార్క్స్ సరస్సులో జరిగే షూటౌట్ అనే బోట్ల స్పీడు పోటీలో దిగుతానంటున్నావట. మీ నాన్న ఫోన్‌లో ఒకటే కంగారు. నాకు మాత్రం ముందు ఛాతీ ఉప్పొంగింది. మన ఇంట్లో నా తర్వాత స్పానర్ పట్టేవాళ్లు ఎవరూ ఉండరనుకున్నాను. అది విని ఇంకా ఆనందం తీరకముందే వాడు, "ఫుల్ స్పీడులో ఇంజిన్ లాగట్లేదట అన్నయ్యా, చిన్న పిచ్ ప్రొపెల్లర్ ఆర్డర్ పెడుతోంది" అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర లేదు.

ఆ ఆర్డర్ ఆపెయ్. వెంటనే.

నువ్వు వాడికి పంపిన మెసేజ్ నాకూ పెట్టాడు. మొదట 5,800 ఆర్‌పీఎం వస్తోంది, నాలుగైదు నిమిషాలకు 4,500కి పడిపోతోంది, కాసేపు నెమ్మదిగా నడిపితే మళ్లీ కోలుకుంటోంది. వేడి అలారం ఏమీ రాలేదు. ఇంత స్పష్టంగా రాసి కూడా తప్పు ప్రొపెల్లర్ మీద వేశావేంటే? పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకు లెక్కప్రకారం ముందుకు వెళ్లాల్సిన దూరం, అంగుళాల్లో. అది ఎక్కువైతే ఇంజిన్ మొదటి నిమిషం నుంచే బరువుగా ఉంటుంది, పై ఆర్‌పీఎం అసలు అందుకోదు. అందుకుని, ఆనక పడిపోతోందంటే దానికి పెట్రోలు అందడం లేదు. 300 హార్స్‌పవర్ మోటారు ఫుల్ థ్రాటిల్‌లో గంటకు 25 గ్యాలన్లకు పైగా తాగుతుంది, అంటే సుమారు 100 లీటర్లు. దారిలో ఎక్కడో చిన్న అడ్డు ఉన్నా, ఐడిల్‌లో, నెమ్మదిగా వెళ్లేటప్పుడు తెలియదు. పూర్తిగా తొక్కినప్పుడే బయటపడుతుంది.

షార్జాలో నేను పనిచేసిన వర్క్‌షాప్‌కి సరిగ్గా ఇలాంటి బోటే వచ్చింది. రెండు 200 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ మోటార్లు. యజమానికి స్పీడంటే పిచ్చి. కుడివైపు మోటారు ఆర్‌పీఎం తక్కువ చూపిస్తోందన్నాడు. మా హెడ్ మెకానిక్ గొప్ప పనివాడు, చప్పుడు విని బేరింగ్ పోయిందని చెప్పేవాడు. కానీ ఆ రోజు ఆయనకు తొందర. 23 పిచ్ తీసి 21 పెట్టించాడు. కొంచెం నయమైంది. మళ్లీ పడింది. 19 పెట్టించాడు. టాకోమీటర్ ముల్లు పైకి లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు. ట్రయల్ ఎంతసేపు తీశారో తెలుసా? జెట్టీ నుంచి బోయా దాకా, అక్కణ్నుంచి వెనక్కి. రెండు నిమిషాలు. లైన్లో, ఫిల్టర్‌లో ఉన్న పెట్రోలే దానికి సరిపోయింది.

శుక్రవారం ఆయన భార్యనీ, పదేళ్ల కొడుకునీ ఎక్కించుకుని సముద్రంలోకి వెళ్లాడు. తీరం కనిపించనంత దూరం వెళ్లాక కుడి మోటారు ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఆ ఊపుకి బోటు అడ్డంగా తిరిగిపోయింది. కుర్రాడు సీట్ల మధ్య పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అదృష్టం, నీళ్లలో పడలేదు. ఎడమ మోటారు ఒక్కదాని మీద రాత్రికి ఒడ్డు చేరారు.

మర్నాడు హెడ్ విప్పింది నేనే. పిస్టన్ నడినెత్తిన నా చిటికెనవేలు పట్టేంత బొక్క. స్పార్క్ ప్లగ్గు మొనకు కరిగిన అల్యూమినియం చిన్న చిన్న గుళికలుగా అంటుకుని ఉంది. పెట్రోలు పిస్టన్‌ను చల్లబరుస్తుంది కూడా. అది తగ్గి గాలి ఎక్కువైతే లోపల వేడి ఎటూ పోదు. కారణం వెతుక్కుంటూ ట్యాంకు దగ్గరకు పోతే, పైపు మొదట్లో ఉండే యాంటీ-సైఫన్ వాల్వు దొరికింది. బొటనవేలంత ఇత్తడి ముక్క. లోపల స్ప్రింగు, గోళీ. పుల్లతో నొక్కితే గోళీ సగం దూరమే కదిలింది, చుట్టూ తెల్లటి పిండిలాంటి తుప్పు. రెండు కొత్త ప్రొపెల్లర్ల ఖర్చు, ఒక ఇంజిన్, పసివాడి చెయ్యి. అన్నీ ఆ ముక్క వల్లే. 19 పిచ్ పెట్టి లోపాన్ని మూసిపెట్టారు తప్ప బాగుచెయ్యలేదు.

నీది ఫోర్-స్ట్రోక్, కంప్యూటర్ కాస్త కాపాడుతుంది. దాన్ని నమ్ముకుని కూర్చోకు.

ఫిల్టర్ మార్చు, 10 మైక్రాన్‌ది. పాత ఫిల్టర్‌లో ఉన్నది పారబొయ్యకుండా గాజు సీసాలో పోసి గంటసేపు కదపకుండా ఉంచు. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు చేరాయన్నమాట. మీ దగ్గర పెట్రోలులో 10 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. తట్టుకోలేనంత నీళ్లు చేరితే ఆల్కహాలూ నీళ్లూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి, పికప్ పైపు ఉండేదీ అక్కడే. ఆ పెట్రోలు మళ్లీ బాగుపడదు, కొత్తది పోసి కలిపినా లాభం లేదు, మొత్తం తీసేయాల్సిందే. ఈ15, అంటే 15 శాతం ఇథనాల్ ఉన్నది మాత్రం బోటులో పొయ్యకు, అక్కడ చట్టం కూడా ఒప్పుకోదు.

తర్వాత ఎవరినైనా తోడు తీసుకెళ్లు. ఆర్‌పీఎం పడినప్పుడు వాళ్లని ప్రైమర్ బల్బు, అదే పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు ఉండ, పట్టుకోమను. నొక్కుతుంటే ఇంజిన్ కోలుకుంటే లోపం పెట్రోలు సరఫరాలోనే. బల్బు చప్పగా నొక్కుకుపోయి ఉంటే అడ్డు దానికీ ట్యాంకుకీ మధ్యన. అప్పుడు ట్యాంకు మూత వదులు చేసి చూడు. గాలి పీల్చే శబ్దం వచ్చి ఇంజిన్ లాగితే వెంట్, అంటే ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం, మూసుకుపోయింది. మట్టి కందిరీగలకు ఆ గొట్టాలంటే మహా ఇష్టం. అదీ కాకపోతే పోర్టబుల్ ట్యాంకు, కొత్త 3/8 అంగుళాల పైపు పెట్టి నడుపు. బాగా నడిచిందా, ఇంజిన్ జోలికి పోకు, లోపం బోటు వైపు ఉంది. యాంటీ-సైఫన్ వాల్వు పాడైతే అదే కొలతది కొత్తది వెయ్యి. కొందరు దాన్ని తీసి పారేస్తారు. నువ్వా పని చేశావని తెలిస్తే ఊరుకోను. పైపు తెగితే ట్యాంకు పెట్రోలంతా డెక్ కిందకి కారకుండా ఆపేది అదే.

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగున పేరుకుంటుంది. తాళం తిప్పేముందు ప్రతిసారీ హ్యాచ్ తెరిచి వాసన చూడు. పైపులు, పంపులు బోటు కోసం చేసినవే కొను. కారు షాపులో చవగ్గా దొరికేవి వద్దు తల్లీ, డబ్బు తక్కువైతే నేను పంపుతాను.

పెట్రోలు సంగతి తేలాక అప్పుడు ప్రొపెల్లర్. నీ మోటారు పుస్తకంలో ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం ఎంతనుంచి ఎంతవరకో ఉంటుంది. మామూలుగా నువ్వు మోసే బరువుతో, ట్రిమ్ (మోటారు వంపు) సరిచేసి, ఆ పై అంచుకు దగ్గరగా రావాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. లెక్క కూడా వేసుకో: ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, గేర్ నిష్పత్తిని 1,056తో గుణించగా వచ్చినదానితో భాగించు. 5,800 ఆర్‌పీఎం, 21 పిచ్, 1.75 గేరు అయితే గంటకు సుమారు 66 మైళ్లు. జీపీఎస్ 58 చూపిస్తే స్లిప్, అంటే లెక్కకూ అసలు స్పీడుకూ తేడా, 12 శాతం, ఫరవాలేదు. 20 దాటిందంటే రెక్క వంగిందేమో, ప్రొపెల్లర్ నడిమి హబ్ జారుతోందేమో, మోటారు మరీ ఎత్తులో ఉందేమో చూడు.

స్టెయిన్‌లెస్ తీసుకో, స్పీడులో అల్యూమినియం రెక్క వంగుతుంది. నేరుగా పరిగెత్తడానికి మూడు రెక్కలది. కానీ ఓజార్క్స్‌లో శనాదివారాలు పెద్ద బోట్ల అలలు ఒడ్డుకు కొట్టి మళ్లీ వస్తాయంటారు. మామూలు రోజులకు నాలుగు రెక్కలదే నీళ్లను గట్టిగా పడుతుంది, మలుపులో వదలదు. కొనేముందు డీలర్ని అడుగు, చాలామంది ట్రయల్‌కి ఇస్తారు.

బోటు అటూ ఇటూ ఊగడం మొదలైతే ట్రిమ్ కొంచెం దించు, థ్రాటిల్ మెల్లగా తగ్గించు, ఒక్కసారిగా మూసెయ్యకు. కిల్ స్విచ్ తాడు, అదే నువ్వు పడిపోతే ఇంజిన్ ఆపేసేది, నడుముకో లైఫ్ జాకెట్‌కో తగిలించుకోకుండా ప్లేనింగ్‌లోకి, అంటే బోటు నీటిపైకి లేచి జారే స్పీడుకి, వెళ్లకు. 26 అడుగుల లోపు బోట్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో అది చట్టం. చట్టం లేకపోయినా నా మాట అదే. బోటు అడ్డంగా తిరిగిపోయిన ఆ క్షణం ఆ కుర్రాడి స్థానంలో నువ్వే కనిపిస్తున్నావు నాకు.

ఈ ఆదివారం వాల్వు విప్పి ఫోటో పంపు, సీసా ఫోటో కూడా. ప్రొపెల్లర్ మీద చెక్కిన అంకెలు, గేర్ నిష్పత్తి, జీపీఎస్ స్పీడు వాట్సాప్‌లో పెట్టు. పిచ్ ఎంతో ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం. మీ నాన్నకు నేను నచ్చజెబుతాను, వాడి సంగతి నాకు వదిలెయ్.

మీ పెదనాన్న
కాకినాడ