గిన్నె ఒకటే, పనులు రెండు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకే గొడవ: కరెంటు ప్రెషర్ కుక్కరు, అందులో బంగాళాదుంపలు. అందుకని మిగతా సందేహాలన్నీ పక్కన పెట్టి, ఈ శీర్షిక మొత్తం దుంపలకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, కరెంటు ప్రెషర్ కుక్కరు కొని నెలయింది. ఉత్త దుంపలు బాగానే ఉడుకుతున్నాయి. ఉప్పూ కారం మసాలా పట్టిన ముక్కలు చేద్దామంటేనే కుదరడం లేదు. సాటే (మూత తీసి వేయించే బటన్) నొక్కి, నూనెలో పొడులన్నీ వేసి, ముక్కలు కలిపి, అరకప్పు నీళ్లు పోసి మూత బిగించి ఐదు నిమిషాలు పెట్టాను. మొదటిసారి ‘బర్న్’ అని చూపించి ఆగిపోయింది. రెండోసారి రెండు కప్పుల నీళ్లు పోస్తే అంతా ముద్దయి కూర్చుంది. తప్పు నాదా, కుక్కరుదా?

జవాబు: ఇద్దరిదీ కాదమ్మా, వరసది. నేనూ సరిగ్గా ఇదే చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. పొయ్యి మీది కుక్కరుతో ముప్పై ఏళ్లు వేగినదాన్ని, ఈ బటన్ల గిన్నె నాకేం నేర్పుతుందిలే అనుకున్నాను. అది ‘బర్న్’ అని వెలిగితే కళ్లద్దాలు తెచ్చుకుని మరీ చదివాను. మూత తీస్తే పైన ముక్కలు పచ్చిగా ఉన్నాయి, అడుగున ముదురు గోధుమరంగు పొర కట్టింది. చెక్క గరిటెతో గీకితే కారం, జీలకర్ర పొడి, వెల్లుల్లి కలిసి పెచ్చులు పెచ్చులుగా లేచొచ్చాయి. నేను వేసిన మసాలాలో ముప్పాతిక వంతు అక్కడే ఉంది. మర్నాడు నీళ్లు గుమ్మరించాను. మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ‘రుచి బాగానే ఉంది, ముక్కలేవీ?’ అన్నారు.

జరిగేది ఇదీ. ఈ కుక్కరులో వేడి పుట్టేది అడుగునుంచి. ఆ అడుగు మరీ కాగిపోతే పట్టుకునే సెన్సర్ ఒకటి దాని కింద ఉంటుంది. పొడులు నీళ్లలో కలిసి అడుగుకు దిగి అంటుకుంటాయి, ముక్కల్లోంచి వచ్చిన పిండి నీటిని చిక్కబరుస్తుంది. చిక్కటి నీరు పైకీ కిందకీ తిరగదు కదా, వేడి ఒక్కచోటే నిలిచిపోతుంది. సెన్సర్ కరెంటు ఆపేస్తుంది. దాన్ని తిట్టుకోకండి, గిన్నెను కాపాడింది.

ఇంకోటి, ఇది అసలు సంగతి. మూత బిగించాక లోపల వేడి మహా అయితే 115 నుంచి 118 డిగ్రీలు. దుంప ముక్క ఎర్రగా వేగి పైన కరకరలాడాలంటే దాని పైపొర తడి ఆరి 140 డిగ్రీలు దాటాలి. ఆవిరి నిండిన గిన్నెలో అది ఎన్ని నిమిషాలు పెట్టినా జరగదు. మీరు ఐదు కాదు, పాతిక నిమిషాలు పెట్టినా ముక్క మెత్తబడుతుందే తప్ప వేగదు. కాబట్టి ఒకే గిన్నెలో రెండు పనులు చేసుకోండి. మొదట నీటి పని, అది అయ్యాక నూనె పని. మసాలా రెండో పనికి చెందినది. మొదటి పనిలో దానికి చోటే లేదు.

నేను ఇప్పుడు చేసే పద్ధతి రాస్తాను. కిలో దుంపలు తీసుకుని, అంగుళం పైన కొద్దిగా ఉండేలా ముక్కలు కోస్తాను. అన్నీ ఒకే సైజు ఉండటం ముఖ్యం, చాకు పనితనం చూపించాల్సింది ఇక్కడే. కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడిగి, చెంచాన్నర ఉప్పు ముక్కలకే పట్టిస్తాను. గిన్నెలో ఒక కప్పు నీళ్లు పోసి, కుక్కరుతో వచ్చిన స్టాండు పెట్టి, దాని మీద చిల్లుల గిన్నెలో ముక్కలు పెడతాను. ఆరు లీటర్ల కుక్కరుకు కప్పు నీళ్లు చాలు. మూడు లీటర్ల దానికి అరకప్పుతో సరిపోతుంది, మీ పుస్తకంలో ఏముందో ఒకసారి చూసుకోండి. ఆవిరి బయటికి పోదు కాబట్టి కప్పు పోస్తే దాదాపు కప్పూ మిగులుతుంది. పొయ్యి మీది కుక్కరు అలవాటుతో ‘ఇంకాస్త’ పోయాల్సిన పని లేదు.

హై ప్రెషర్, రెండే నిమిషాలు. రెండేనా అనకండి. ఒత్తిడి అందుకోవడానికే ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది, ఆ సేపంతా ముక్కలు ఉడుకుతూనే ఉంటాయి. మూత మీది పిన్ను పైకి లేచాకే ఆ రెండు నిమిషాల లెక్క మొదలవుతుంది. సమయం అయిందని కుక్కరు బీప్ కొట్టగానే ఆవిరి వదిలేయండి. చేత్తో కాదు, గరిటె కాడతో నెట్టండి, మొహం అవతలికి పెట్టుకుని.

ఇప్పుడు అందరూ తొందరపడే చోటుకు వచ్చాం. ముక్కలున్న చిల్లుల గిన్నెను బయటికి తీసి ఐదు నిమిషాలు ఊరికే వదిలేయండి. మూత వేయొద్దు. మొదట అవి తడిగా నిగనిగలాడుతుంటాయి. ఆవిరి పోతున్నకొద్దీ ఆ మెరుపు తగ్గి, అంచుల్లో సుద్దపొడి అద్దినట్టు తెల్లగా, గరుకుగా అవుతాయి. గిన్నెను రెండుసార్లు ఎగరేసి పట్టుకుంటే ఆ గరుకు ఇంకాస్త పెరుగుతుంది. కరకరలాడేది ఆ గరుకే. మెరుస్తున్న ముక్కను నూనెలో వేస్తే ఆ తడి పోవడానికే నూనె వేడంతా ఖర్చయిపోతుంది, ముక్క అడుగుకు అతుక్కుపోతుంది.

ఈలోగా కుక్కరులో నీళ్లు పారబోసి, గిన్నె తుడిచి, సాటే హైలో పెట్టండి. వేడెక్కినట్టు చూపించాకే మూడు చెంచాల నూనె పోయండి. సగం ముక్కలే వేయండి, ఒక్క వరసే. నాలుగు నిమిషాలు గరిటె పెట్టొద్దు. చెవి పెట్టి వినండి: వేయగానే చుయ్యిమంటూ బుసకొడుతుంది, తడి పోయాక ఆ మోత సన్నబడి చిటపటల్లోకి దిగుతుంది. అప్పుడు తిప్పితే ముక్క తనంతట తానే ఊడొస్తుంది. ఊడకపోతే ఇంకా వేగలేదన్నమాట, బలవంతం చేయకండి.

అంతా ఎర్రబడ్డాక సాటే ఆపేసి, గిన్నెలో ఉన్న వేడికే దంచిన వెల్లుల్లి, అర నిమిషం ఆగి కారం, జీలకర్ర పొడి, మిరియాల పొడి వేసి కలపండి. నూనె తగిలితేనే వీటి వాసన విచ్చుకుంటుంది. కారంలో మంట పుట్టించేది నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. మీరు మొదట వేసిన మసాలా అడుగుకు అంటిపోయింది. ఇప్పుడు వేసింది ఆ గరుకు అంచుల్లోకి ఎక్కి కూర్చుంటుంది.

మనసులో మాట కూడా చెప్పేస్తాను. ఈ కుక్కరు అడుగు చిన్నది, కిలో ముక్కలు రెండు మూడు విడతలుగా వేయించాలి. ఇంట్లో వెడల్పాటి ఇనప పెనం ఉంటే నూనె పని దానికే అప్పగించండి. ‘అంతా ఒకే గిన్నెలో’ అన్న పట్టుదల నాకైతే లేదు.

ప్రశ్న: ఆంటీ, నేను ఒక్కడినే గదిలో ఉంటాను. ముక్కలు కోసే ఓపిక లేదు. చిన్న దుంపలు తొక్కతోనే పడేస్తాను. ఆవిరి వదలగానే తొక్కలన్నీ చీలిపోతున్నాయి. ఎన్ని నిమిషాలు పెట్టాలి?

జవాబు: ఓపిక లేదని నిజం చెప్పావు, సంతోషం నాయనా. గోలీకన్నా కాస్త పెద్దగా ఉండే బుల్లి దుంపలకు ఆరు నిమిషాలు, పిడికిట్లో ఇమిడేవాటికి పన్నెండు, అంతకన్నా పెద్దవైతే పద్దెనిమిది. పెద్దవీ చిన్నవీ కలిపి పడేయకు, ఒకటి పచ్చిగా ఉంటే ఒకటి చితుకుతుంది.

తొక్క చీలేది నీ తొందర వల్ల. దుంప లోపలి నీరు కూడా 115 డిగ్రీల దాకా కాగి ఉంటుంది. ఒత్తిడి ఉన్నంతసేపు అది బుద్ధిగానే ఉంటుంది. నువ్వు ఒక్కసారి ఆవిరి వదిలేశావంటే ఆ నీరు అక్కడికక్కడే ఆవిరై బయటికి తోసుకొస్తుంది. ముక్కలకైతే దారి దొరుకుతుంది, తొక్కతో ఉన్న దుంపకు చీలడమే దారి. ముందే ఫోర్కుతో నాలుగుచోట్ల గుచ్చు. బీప్ కొట్టాక పది నిమిషాలు దాని జోలికి పోకు, ఆ తర్వాత మిగిలిన ఆవిరి వదులు.

చీలినా నష్టం లేదులే, నీకో సుళువు చెబుతాను. ఉడికిన దుంపను పలక మీద పెట్టి గ్లాసు అడుగుతో మెల్లగా అదుము, సగం మందం అయ్యేదాకా. పక్కలన్నీ విచ్చుకుని గరుకుగా తయారవుతాయి. వాటినే నూనెలో రెండువైపులా వేయించి పైన ఉప్పు, మసాలా చల్లుకో. చాకు పని లేకుండానే ముక్కలకన్నా ఎక్కువ కరకరలాడతాయి. నాకూ ఇవే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: టమాటా గుజ్జులో దుంప ముక్కలు వేసి పెడితే మామూలు సమయానికి ఉడకడం లేదు. దుంపల లోపమా?

జవాబు: పులుపు మహిమండీ. ముక్కను గట్టిగా పట్టి ఉంచే జిగురు పదార్థం, పెక్టిన్ అంటారు, పులుపులో తొందరగా కరగదు. ముందు ముక్కలు ఉడకనిచ్చి, గుజ్జు తర్వాత కలపండి. ఇదే గుణాన్ని మనకు పనికొచ్చేలా తిప్పుకోవచ్చు: మీ దుంపలు ముట్టుకుంటే చితికే రకమైతే, ముక్కలు మునిగే నీళ్లలో చెంచా వెనిగర్ వేసి ఉడికించండి, ఆకారం చెడదు. దీనికి పూర్తి విరుద్ధం వంటసోడా. పావు చెంచా వేస్తే పైపొర కరిగి గరుకవుతుంది, బాగా వేగుతుంది. స్టాండు మీద ఆవిరికి పెట్టినప్పుడు మాత్రం ఈ రెండూ నీళ్లలో వేసి ప్రయోజనం లేదు, ముక్కకు అందవు. రెండూ కలిపి వేయడం ఇంకా దండగ. నేను వేశాను, బుస్సుమని నురగొచ్చింది, ఒకదాన్నొకటి తినేశాయి.

ప్రశ్న: మూత పెట్టి నూనెలో ఒత్తిడితో వేయిస్తే త్వరగా అవుతుంది కదా? హోటళ్లలో అలా చేసే మెషీన్లు ఉన్నాయని విన్నాను.

జవాబు: వద్దు. ఆ మెషీన్లు వేరు, వాటిని కాగే నూనెకోసమే కట్టారు. మన కుక్కరు రబ్బరు, పిన్ను, మూత తాళం అన్నీ నీటి ఆవిరి వేడికి లెక్కకట్టినవి. నూనె అంతకు ఎంతో పైకి కాగుతుంది. రబ్బరు లొంగిపోతే ఎగిరేది ఆవిరి కాదు, సలసల కాగే నూనె. మూత పెట్టాక లోపల నీళ్లుండాలి. వేయించేటప్పుడు మూత తీసి ఉండాలి. దీనిలో బేరాల్లేవు.

ప్రశ్న: కుక్కరు మూతకు వెల్లుల్లి వాసన పట్టేసింది. పాయసం పెట్టినా అదే వాసన.

జవాబు: వాసన పట్టేది మూత లోపలి సిలికాన్ రబ్బరుకు. రెండోది కొనుక్కుని, ఒకటి కారం వంటలకు, ఒకటి తీపికి ఉంచుకోండి. కడిగాక మూతను బిగించి పెట్టకుండా తిరగేసి వదిలేయండి, గాలి తగలాలి. నేను రబ్బరును ఎండలో ఆరేస్తాను, కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోదు. సాగినా, పగుళ్లు కనిపించినా వెంటనే మార్చేయండి.

ప్రశ్న: ఫ్రిజ్‌లో దాచిన పచ్చి దుంపలు వేయిస్తే ముందే నల్లబడుతున్నాయి, తియ్యగా కూడా ఉంటున్నాయి. ఎందుకు?

జవాబు: చలికి దుంపలో పిండి చక్కెరగా మారుతుంది. ఆ చక్కెరే ముందుగా మాడేది. పచ్చివి బయట, చీకటిగా, గాలి ఆడే చోట ఉంచండి. వెలుతురు తగిలి ఆకుపచ్చగా మారితే ఆ భాగం మందంగా చెక్కేయండి, చేదు తగిలితే దుంప మొత్తం పారేయండి, ఆ చేదు ఉడికిస్తే పోయేది కాదు. ఉడికించిన ముక్కల సంగతి వేరు, అవి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే పైన తడి ఆరి మర్నాడు ఇంకా బాగా వేగుతాయి. చుట్టాలొచ్చే రోజైతే నేను నీటి పని ముందురోజే చేసి పెట్టేసుకుంటాను.

ప్రశ్న: మాది కొండ ప్రాంతం. అంగుళం ముక్కలకు రెండు నిమిషాలు చాలని మీరు ఎప్పుడో రాశారు. మాకు మధ్యలో పలుకుగా ఉంటున్నాయి. మీ మాట విని చుట్టాల ముందు పరువు పోయింది.

జవాబు: ఎత్తు సంగతి రాయకపోవడం నాదే పొరపాటు, క్షమించండి. పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి కుక్కరు లోపలి వేడి కూడా ఆ మేరకు తగ్గుతుంది. 600 మీటర్లు దాటాక ప్రతి 300 మీటర్లకు సమయాన్ని నూటికి ఐదు వంతుల చొప్పున పెంచుకోవాలి. 1,800 మీటర్ల దగ్గరైతే నూటికి ఇరవై. పద్దెనిమిది నిమిషాల పెద్ద దుంపకు ఇరవై రెండు అవుతాయి. రెండు నిమిషాల ముక్కలకు మీ కుక్కరులో అరలూ పావులూ నొక్కే వీలుండదుగా, మూడు పెట్టండి. చుట్టాలను మళ్లీ పిలిచేముందు ఒకసారి మీకోసం చేసుకుని, ఎలా వచ్చాయో రాయండి.