బేరియం విషం కదా, అమ్మ చేత ఎలా తాగించమంటారు?

ప్రశ్న: మా అమ్మ వయసు 61. మూడు నెలలుగా అన్నం ముద్ద సరిగా దిగడం లేదు, ఛాతీలో అడ్డుపడుతోందంటోంది. డాక్టర్ గారు బేరియం స్వాలో పరీక్ష (బేరియం ఉన్న ద్రవం తాగించి అన్నవాహికను ఎక్స్‌రేలో చూడటం) రాశారు. నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. బేరియం లవణాలు విషమనీ, ఎలుకల మందుగా వాడతారనీ గుర్తు. కడుపులోని యాసిడ్‌లో అది కరిగిపోతే ఎలా? మా దగ్గర్లోనే మంగంపేట ముగ్గురాయి గనులున్నాయి. ఆ రాయినే పొడి చేసి తాగిస్తారని ఎవరో అన్నప్పటి నుంచి మరీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, రైల్వే కోడూరు

జవాబు: మీరు చదివింది నిజమే. బేరియం క్లోరైడ్, నైట్రేట్, కార్బొనేట్ విషాలే. మీ అమ్మగారికి ఇచ్చేది మాత్రం బేరియం సల్ఫేట్. దానికి భయపడక్కర్లేదు. మీరు కెమిస్ట్రీ చదివారు కాబట్టి కారణం కూడా చెప్తాను.

బేరియం పరమాణువు బయటి కక్ష్యలో ఉండేవి రెండే ఎలక్ట్రాన్లు. ఆ రెండింటినీ వదిలేసి ప్లస్ 2 స్థితిలో స్థిరపడిపోతుంది. మనకు మామూలుగా ఎదురయ్యే సమ్మేళనాలన్నింట్లోనూ ఇంతే. కాబట్టి ఎలుకల మందులో ఉన్నా, ఎక్స్‌రే గదిలో ఇచ్చే ద్రవంలో ఉన్నా బేరియం ఆక్సీకరణ స్థితి, అంటే ఆ ప్లస్ 2, ఒక్కటే. తేడా అంతా కరగడంలో ఉంది. లీటరు నీటిలో బేరియం క్లోరైడ్ 300 గ్రాములకు పైనే కరుగుతుంది. సల్ఫేట్ కరిగేది రెండు మూడు మిల్లీగ్రాములే.

ఇక యాసిడ్ సంగతి. మీరు అడిగిన వాటిలో అసలైన ప్రశ్న ఇదే. కార్బొనేట్ కూడా నీటిలో పెద్దగా కరగదు. కానీ కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగిలితే కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేసి క్లోరైడ్‌గా మారి కరిగిపోతుంది. ఎలుకలను చంపేది ఆ గుణమే. సల్ఫేట్ సల్ఫ్యూరిక్ ఆమ్లపు లవణం. సల్ఫ్యూరిక్ బలమైన ఆమ్లం కాబట్టి కడుపులోని ఆమ్లం దాని లవణాన్ని కరిగించలేదు. తాగినది తాగినట్టే పేగుల గుండా వెళ్లి విరేచనంలో బయటికి వచ్చేస్తుంది.

కరిగిన బేరియం ఎందుకంత ప్రమాదమంటే, దాని అయాన్ పరిమాణం దాదాపు పొటాషియం అయానంత. కణాల్లోంచి పొటాషియం బయటికి వచ్చే దారుల్లో అది ఇరుక్కుంటుంది. రక్తంలో పొటాషియం పడిపోతుంది, కండరాలు చచ్చుబడతాయి, గుండె లయ తప్పుతుంది. అలాంటి రోగికి పొటాషియం ఎక్కిస్తాం. కడుపులో మిగిలిన విషానికి విరుగుడుగా సోడియం సల్ఫేట్ గానీ మెగ్నీషియం సల్ఫేట్ గానీ తాగిస్తాం. అప్పుడు ఆ బేరియం కూడా కరగని సల్ఫేట్‌గా మారిపోతుంది.

ముగ్గురాయి కూడా ప్రధానంగా బేరియం సల్ఫేటే. అయినా గనిలో తీసిన రాయిని పొడి చేసి తాగించరు. తాగించేది శుద్ధి చేసి, కరిగే బేరియం లేదని పరీక్షించిన మందు. ఈ శుద్ధి విషయంలో రాజీ పడకూడదు. 2003లో బ్రెజిల్‌లో కార్బొనేట్ కలిసిపోయిన మందు తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. సీల్ ఉన్న ప్యాక్‌నే వాడుతున్నారా అని అడగండి, అడగడంలో తప్పేమీ లేదు.

పరీక్షకు ముందు ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలో సెంటర్ వాళ్లు చెప్తారు. అమ్మగారికి నీళ్లు తాగుతుంటే పొలమారుతోందా? ముందే చెప్పండి, ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోకుండా జాగ్రత్తపడతారు. అన్నవాహికకు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే బేరియం ఇవ్వరు, అయోడిన్ ఉన్న వేరే ద్రవం వాడతారు. తర్వాత ఒకటి రెండు రోజులు విరేచనం తెల్లగా రావడం మామూలే. మలబద్ధకం రాకుండా నీళ్లు బాగా తాగించండి. రెండు మూడు రోజులైనా విరేచనం కాకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి, వాంతులు మొదలైనా వెంటనే డాక్టర్‌కు చూపించండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది బేరియం కాదు, ఆ మూడు నెలలు. ఈ వయసులో ముద్ద దిగకపోవడాన్ని గ్యాస్ అనుకుని వదిలేయకూడదు. ముందు గట్టి పదార్థాలు, తర్వాత మెత్తనివి, ఆపైన నీళ్లు కూడా అడ్డుపడుతున్నా, బరువు తగ్గుతున్నా క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. దానికి ఎండోస్కోపీ కూడా అవసరమవుతుంది. పరీక్షను వాయిదా వేయకండి, ఈ వారంలోనే చేయించండి. ఎండోస్కోపీ గురించి కూడా మీ డాక్టర్‌ను అప్పుడే అడగండి.