చిల్కాకు బయలుదేరుతున్న మనవడికి

చిరంజీవి మనవడికి, బరంపురం నుంచి తాతయ్య దీవించి రాస్తున్న ఉత్తరం.

నీకు నౌకాదళంలో చోటు దొరికిందని, శిక్షణకు చిల్కా వెళ్తున్నావని మీ అమ్మ రాయగడ నుంచి ఫోను చేయగానే వీధిలో ఎదురైన ప్రతివాడికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం కంటి మీద కునుకు లేదు. 1971 యుద్ధంలో మహావీర చక్రం పొందిన నావికుడు చిమన్ సింగ్ ఫొటో గోడకు అంటించి, అలాంటి పతకమే తెస్తానన్నావట.

ధ్రువపత్రాలకు రెండేసి నకళ్లు తీయించుకో. పొద్దుటి పరుగు మానకు.

ఇక నీళ్ల సంగతి. నాగావళిలో ఈదిన వాడిననే ధైర్యం నీది. నేనూ ఇక్కడి గోపాల్‌పూర్ సముద్రపు అలల్లో పెరిగిన వాణ్ణే. ఆ గర్వంతోనే, నా శిక్షణ రోజుల్లో తోటి కుర్రవాడొకడు లోతులోకి జారిపోతే, పక్కనే వేలాడుతున్న రబ్బరు చక్రం వైపైనా చూడకుండా బూట్లతో సహా దూకాను. తిన్నగా వాడికి ఎదురుగా వెళ్లాను. మునిగేవాడికి మనిషి కనబడడురా, పట్టు మాత్రమే కనబడుతుంది. రెండు చేతులతో నా మెడ బిగించి, నా భుజాల మీదికి ఎక్కబోయాడు. నీళ్లు తాగుతూ ఇద్దరం కిందికి పోయాం. ఒడ్డున ఉన్నవాళ్లు తాడు విసరకపోతే మీ నాన్న పుట్టేవాడే కాదు. మెడ మీద వాడి గోళ్ల గాట్లు మానడానికి చాలా రోజులు పట్టింది.

చిమన్ సింగ్ సంగతి సరిగ్గా తెలుసుకో. 1971 డిసెంబరు 10న, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న ఖుల్నా దగ్గర మన విమానాలే పొరబడి మన గన్‌బోట్ల మీద బాంబులు వేశాయి. పడవ మునిగి, చిమన్ సింగ్ తానే గాయపడి నీళ్లలో ఉన్నాడు. అయినా తేలలేకపోతున్న అధికారిని తూటాల మధ్య ఒడ్డుకు చేర్చాడు. తర్వాత శత్రువు మీదికి ఉరికి, ఇద్దరు సహచరులు తప్పించుకునే వీలు కల్పించి, తాను పట్టుబడ్డాడు. మహావీర చక్రం ఆ తర్వాత వచ్చింది. నీళ్లలో ఉన్నప్పుడు ఆయన చూసింది ఆ అధికారినే, పతకాన్ని కాదు. నువ్వు ముందే పతకం వైపు చూస్తున్నావని నా భయం, వెర్రి నాన్నా.

వెళ్లేలోగా ఒక్క ఆదివారం ఇక్కడికి రా. మన చెరువులో నడుము లోతు నీళ్లలో నేను మునిగేవాడిలా చేతులు కొట్టుకుంటాను. నువ్వు నా వెనక నుంచి వచ్చి, చంకల కింద చేతులు వేసి గట్టుకు లాగాలి. సరిగ్గా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేద్దాం.