కీబోర్డు కీక్యాప్‌ల మీద అలంకారానికి ఏ పాత లిపి బాగుంటుంది?

అమలాపురంలో ఉంటూ, మన ప్రాంతపు ఛాయ ఉన్న పాత లిపి కావాలని అడిగారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం గోడల మీది శాసనాలు చూసినప్పుడల్లా నాకూ ఆ అక్షరాలే పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ కీక్యాప్ (కీ మీది తొడుగు) పైభాగం సెంటీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ వంపులు, సన్నటి తలకట్లు అంత చిన్న చోట ముద్దకడతాయి.

అందుకే నా ఓటు బ్రాహ్మికి. మన తెలుగు లిపికి మూలం అదే. పైగా గీతలు ఎంత పొదుపో చూడండి: 'క' కూడిక గుర్తులా ఉంటుంది, 'ఠ' ఒట్టి సున్నా, 'థ' సున్నాలో చుక్క, 'గ' ఇంటికప్పులా రెండు వాలు గీతలు. ఎంత చిన్నగా అచ్చేసినా చెదరవు. 2010లోనే యూనికోడ్‌లో (కంప్యూటర్లలో లిపుల అక్షరాలకు సంకేతాలిచ్చే ప్రమాణంలో) చేరింది, నోటో సాన్స్ బ్రాహ్మి ఫాంటు ఉచితంగా దొరుకుతుంది.

అక్షరాలను ఇష్టమొచ్చిన చోట పెట్టకండి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకున్న ప్రామాణిక కీబోర్డు అమరిక) వరస పాటిస్తే తెలుగు 'క' వచ్చే కీ మీదే బ్రాహ్మి 'క' ఉంటుంది, టైప్ చేస్తూనే లిపి వచ్చేస్తుంది. అసలు కూడిక గుర్తు కీని మాత్రం వేరే రంగులో తీసుకోండి, లేకపోతే 'క'తో తికమక తప్పదు. ఆర్డర్ ఇచ్చే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, కీల మీద అతికించి ఒక రోజు వాడి చూడండి.