సృజనా, సర్జనా?

సందేహం: ‘సృజన’ తప్పు, ‘సర్జన’ అనాలని ఒకరు దిద్దారు. మరి ‘సృష్టి’ని ఎవరూ దిద్దరేం? రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే కదా?

సమాధానం: ఒకే ధాతువే, సృజ్. తేడా అంతా దానికి చేరే ప్రత్యయంలో ఉంది.

‘చేయడం’ అనే అర్థంలో ధాతువుకు ల్యుట్ అనే ప్రత్యయం చేరుతుంది. అందులో ల్, ట్ గుర్తులు. అవి పోగా మిగిలిన ‘యు’కు బదులు ‘అన’ వస్తుంది (యువోరనాకౌ, 7.1.1; ఈ అంకెలన్నీ పాణిని సంస్కృత వ్యాకరణం ‘అష్టాధ్యాయి’లోని సూత్రాలవి). ఇప్పుడు సృజ్ + అన. ధాతువులో చివరి హల్లుకు ముందున్న హ్రస్వ ఇ, ఉ, ఋలకు ఇక్కడ గుణం రావాలి (7.3.86). బడిలో గుణసంధికి వల్లించిన ఏ, ఓ, అర్ ఇవే. లిఖ్ లేఖనమైంది, రుద్ రోదనమైంది, దృశ్ దర్శనమైంది. అలాగే స్ + అర్ + జ్ + అన, సర్జన. వినాయక ‘విసర్జనం’ అని మనమందరం సరిగ్గానే అంటున్నాం.

‘సృష్టి’లో చేరింది క్తిన్. దాని కకారం కూడా గుర్తే, కానీ గట్టి పని చేస్తుంది: గుణాన్ని అడ్డుకుంటుంది (క్ఙితి చ, 1.1.5). అందుకే ఋ అలాగే నిలిచింది. ఆపైన జకారం షకారమై, దాని పక్కన తకారం టకారమై ‘సృష్టి’ ఏర్పడింది.

‘సృజన’కు దారి తీసింది బహుశా మన ‘సృజించు’. రచించు–రచన, గణించు–గణన వరసలో సృజించు–సృజన అనుకోవడం సహజమే. అయితే రచ, గణలలో ఉన్నది అకారం. గుణం పొందే అచ్చే అక్కడ లేదు. ‘సృజించు’కు మాత్రం దోషం లేదు. దానికి చేరింది తెలుగు ‘ఇంచు’. పాణిని గుణసూత్రంతో దానికి పని లేదు. పూర్వకవులు ‘సృజియించు’ అన్నారు కూడా.

‘మరి స్ఫురణలో గుణం ఏదీ?’ అని అడగవచ్చు. స్ఫుర్ ధాతువు కుటాదిగణంలోది, అంటే ‘కుట్’తో మొదలయ్యే ధాతువుల జాబితాలోది. ఆ గణానికి ఇలాంటి ప్రత్యయాలు చేరితే గుణం రాదని వేరే సూత్రముంది (1.2.1). సృజ్ ఆ గణంలో లేదు.

‘సృజనాత్మకత’ తెలుగులో పాతుకుపోయింది. దాన్ని వాడినవారిని నేను దిద్దను. శుద్ధరూపం కావాలనుకునేవారు ‘సర్జనాత్మకత’ అని రాసుకోవచ్చు. తప్పక దిద్దవలసింది మరొకటుంది: సృష్టికర్త అనే అర్థంలో ‘సృష్ట’ అని రాయడం. కర్తను చెప్పే తృచ్ చేరినప్పుడు సృజ్, దృశ్ ధాతువుల ఋకారం తర్వాత ఒక అకారం వచ్చి పడుతుంది (6.1.58). సృ + అ కలిసి ‘స్ర’ అవుతుంది. అందుకే స్రష్ట, ద్రష్ట. ‘సృష్ట’ అంటే సృష్టించబడినది. బ్రహ్మను ‘జగత్స్రష్ట’ అనాలి. ‘జగత్సృష్ట’ అంటే ఆయన్నే జగత్తు పుట్టించినట్టవుతుంది.