రెండు నెలలకే టీబీ మందులు ఆపేశారు.. ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది చీమకుర్తి. మావారికి 42 ఏళ్లు, గ్రానైట్ పాలిషింగ్ పని. టీబీ అని మందులిచ్చారు. రెండు నెలలు వేసుకున్నాక దగ్గు తగ్గింది. మూత్రం ఎర్రగా వస్తోందని భయపడి మానేశారు. నెలన్నరకే మళ్లీ దగ్గు మొదలైంది. మైక్రోబయాలజీ చదివే మా అమ్మాయి, మధ్యలో ఆపితే క్రిములు మందుకు లొంగవని వాళ్ల ప్రొఫెసర్ చెప్పారంటోంది. మిగిలిన మాత్రలు మళ్లీ మొదలుపెట్టమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి

జవాబు: ఆ మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టొద్దమ్మా. రేపే ఆయన్ను మందులిచ్చిన ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎన్నాళ్లు మానేశారో దాచకుండా చెప్పండి. కళ్లెకు సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ అనే పరీక్ష చేస్తే, టీబీ మందుల్లో ముఖ్యమైన రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కొన్ని గంటల్లోనే తేలుతుంది. దాన్నిబట్టే మందులు రాస్తారు.

మీ అమ్మాయి మాట నిజమే. కొన్ని బ్యాక్టీరియాలు 20 నిమిషాలకే రెండింతలవుతాయి. టీబీ క్రిమికి దాదాపు ఒక రోజు పడుతుంది. వాటిలో కొన్నయితే ఎదుగూ బొదుగూ లేకుండా ఊపిరితిత్తుల్లో పడి ఉంటాయి. మందు చురుగ్గా పెరిగేవాటినే త్వరగా చంపుతుంది. అందుకే రెండు నెలలకే దగ్గు పోతుంది, మిగతా నాలుగు నెలలూ ఆ దాక్కున్నవాటి కోసం. పైగా కోట్ల క్రిముల్లో ఒకటీ అరా ముందునుంచే ఏదో ఒక మందుకు లొంగనివి ఉంటాయి. ఒకదానికి చావనిది ఇంకోదానికి చస్తుందనే నాలుగు మందులు కలిపి ఇస్తాం. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూస్తే, చాలామందిలో కొద్ది నెలలకే క్రిమి మొండికేసింది. వేస్తూ మానేస్తూ ఉంటే అలాంటి మొండివే మిగిలి పెరుగుతాయి.

ఎర్రరంగు రక్తం కాదమ్మా, రిఫాంపిసిన్ రంగు. మొదటిరోజే ఎవరైనా ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన మానేవారే కాదు. మా డాక్టర్ల వైపు నుంచి జరిగే ఈ లోపం నన్ను చాలా బాధపెడుతుంది. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే వచ్చి చూపించాలి.

దగ్గుకని మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనొద్దు. అక్కడ తేలిగ్గా ఇచ్చే లెవోఫ్లాక్సాసిన్ మొండి టీబీకి మేం దాచుకున్న మందుల్లో ఒకటి.

ఒకవేళ మొండి టీబీ అని తేలినా దిగులుపడకండి. బెడాక్విలిన్ లాంటి కొత్త మందులొచ్చాక చాలామందికి సూదులు లేకుండా మాత్రలతోనే నయమవుతోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో అవీ ఉచితమే. చికిత్స సాగినన్నాళ్లూ తిండి కోసం నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి.

రాతి దుమ్ము పీల్చేవారికి టీబీ ముప్పు ఎక్కువ. ఎక్స్‌రేలో సిలికోసిస్ (రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బు) ఉందేమో కూడా చూడమనండి. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు. వెళ్లేటప్పుడు అమ్మాయినీ వెంటబెట్టుకెళ్లండి, మీ ఇద్దరికీ కూడా పరీక్ష చేయించాలి.