నీ బూట్ల మడమ ఒకసారి నొక్కి చూడు, కోడలా

కోడలు పిల్లకి మామయ్య రాసేది.

భుజాల మీద ఇనుప బార్ పెట్టుకుని గుంజీలు తీస్తూ, అదే మీ జిమ్ భాషలో స్క్వాట్ చేస్తూ, నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మూడోసారి మీ అత్తయ్య కూడా వచ్చి కూర్చుంది. పిల్ల పడిపోతుందేమోనని తన టెన్షన్ తనది. పడవులే. బార్ బాగానే పట్టుకున్నావు, నడుమూ బిగించావు. కానీ లేచేటప్పుడు కుడి మోకాలు లోపలికి వాలుతోంది, పాదం బూటులో అటూ ఇటూ ఊగుతోంది. "మూడు వారాలైనా మెట్లు దిగాలంటే ఏడుపొస్తోంది మామయ్యా, బూట్లు మారిస్తే నొప్పి తగ్గుతుందా?" అని అడిగావు. బూట్లు మార్చు. నొప్పి తగ్గుతుందనుకుని మాత్రం మార్చకు. ఈ రెండూ వేరు వేరు లెక్కలు.

ముందు బూట్ల సంగతి. నీవి పరుగు కోసం చేసినవి. పరిగెత్తేటప్పుడు పాదం నేలకి కొట్టుకునే దెబ్బని మింగేయడానికి కింద అంత స్పాంజి పెడతారు. స్క్వాట్‌లో నువ్వు నేలని తన్ని లేవాలి. ఆ తన్ను కూడా స్పాంజే మింగేస్తుంది. పరుపు మీద నిలబడి బియ్యం బస్తా భుజానికెత్తుకోమంటే ఏ కళాసీ అయినా ఒప్పుకుంటాడా? పైగా ఆ స్పాంజి అన్ని వైపులా సమానంగా నొక్కుకోదు. లోపలి వైపు ఎక్కువ దిగితే పాదం అటే ఒరుగుతుంది, దాని వెనకే మోకాలూ పోతుంది. నీ కుడి మోకాలికి కారణం అంతా బూటేనని అనను, తుంటి కండల్లో బలం చాలకపోయినా అలాగే వాలుతుంది. వట్టి బార్‌తో చేసినన్నాళ్ళు ఇది పెద్ద ప్రమాదమూ కాదు. బరువు పెరిగేకొద్దీ బయటపడుతుంది. బూటు విప్పి మడమ భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడు. లోపలికి దిగిందా, అది స్క్వాట్‌కి పనికిరాదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. పరుగు బూట్లలో చాలావాటికి ముందు భాగం కంటే మడమ ఒక సెంటీమీటరు దాకా ఎత్తు ఉంటుంది. నువ్వు అంత కిందికి దిగగలుగుతున్నావంటే అందులో కొంత ఆ ఎత్తు చలవే కావచ్చు. వాటిని విప్పి గచ్చు మీద చేస్తే మడమలు లేచిపోయినా ఆశ్చర్యపోకు.

ఎందుకలా అంటావా? కిందికి దిగేటప్పుడు బరువు పాదం మధ్య మీదుగా ఉండాలి. అలా ఉండాలంటే మోకాలు ముందుకి రావాలి, దానికి చీలమండ వంగాలి. చీలమండ బిగుసుకుపోయి ఉంటే శరీరానికి రెండే దారులు. మడమ లేపడం, లేదంటే పిరుదులు బాగా వెనక్కి తోసి ఛాతీని ముందుకి వంచేయడం. వంచేస్తే భారం తుంటి మీదా నడుము మీదా పడుతుంది. మడమ కింద గట్టి ఎత్తు పెడితే చీలమండ అంత వంగక్కర్లేదు. మోకాలు సులువుగా ముందుకొస్తుంది, వీపు నిటారుగా ఉంటుంది, భారం తొడ ముందు కండకి మారుతుంది. తొడ ఎముక పొడుగ్గా ఉన్నవాళ్ళకి ఇది ఇంకా కలిసొస్తుంది. మోకాలి చిప్ప దగ్గర ముందే నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అక్కడ ఒత్తిడి కొంచెం పెరుగుతుంది.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (బార్‌ని ఒకే ఊపులో తల మీదికి లేపడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన రోజు అందరూ బార్ వైపు చూశారు. నేను బూట్ల వైపు చూశాను. వెయిట్‌లిఫ్టర్ల బూట్లకి మడమ దగ్గర దాదాపు రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, అదీ రాయిలా గట్టిగా. బార్‌ని తల మీద పట్టుకుని పూర్తిగా కిందికి కూర్చోవాలంటే వీపు నిటారుగా ఉండి తీరాలి కదా.

మా రోజుల్లో అలాంటి బూట్లు మాకెక్కడివి? వ్యాయామశాలలో మట్టినేల మీద ఒట్టి కాళ్ళతో చేసేవాళ్ళం. తర్వాత నాకు సోకు పుట్టి, చెప్పులు కుట్టే ఆయన చేత పాత తోలు బూట్లకి చెక్క మడమలు వేయించుకున్నాను. మొదటిరోజే, ఒట్టి కాళ్ళతో ఎత్తే బరువే వేసి, అన్ని సెట్లూ చేశాను. వీపు నిటారుగా నిలబడింది, భలే ఉందనుకున్నాను. మూడు రోజులు పాయిఖానాలో గోడ పట్టుకుని కూర్చున్నాను. తొడల ముందు భాగం రాయిలా పట్టేసింది. బూట్లే పాడువని అటక మీద పడేశాను. ఏడాది తర్వాత బుద్ధొచ్చి మళ్ళీ తీసి, సగం బరువుతో మొదలుపెడితే ఏ గొడవా లేదు. (ఒక మడమ రెండో దానికంటే గోరంత ఎత్తుందని అప్పుడు కనిపెట్టాను. అది వేరే కథ. సరిచేయించేదాకా ఎడమ తుంటి గొణుగుతూనే ఉండేది.)

అందుకే చెబుతున్నాను, బూటు నొప్పిని తీసేయదు, చోటు మారుస్తుంది. ఎత్తు మడమ అయితే తొడ ముందు, చదును బూటయితే పిరుదులు, తొడ లోపలి వైపు, నడుము. ఒట్టి కాళ్ళతో కొత్తగా మొదలుపెడితే పిక్కలూ అరికాళ్ళూ తీపులు పెట్టొచ్చు. కండకి అలవాటు లేని పని పడితే, అందులోనూ సాగుతూ బరువుని ఆపాల్సి వస్తే, మర్నాటి నుంచి పట్టేస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, తర్వాత దానంతటదే పోతుంది. స్క్వాట్‌లో దిగేటప్పుడు తొడ చేసే పని అదే, మెట్లు దిగేటప్పుడు చేసేదీ అదే. నీకు మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమైంది అందుకే. మీ జిమ్ కుర్రాడు చెప్పినట్టు కండలో పుట్టే లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయి కాదు. అది వ్యాయామం ఆపిన గంటకల్లా సర్దుకుంటుంది.

మరి మూడు వారాలైనా ఎందుకు తగ్గలేదు? నువ్వే రాశావు, వారం వారం పది కిలోలు పెంచుతున్నానని. ఇంకెక్కడ అలవాటు పడుతుంది తల్లీ! అదే బరువుతో రెండు వారాలు ఉండు. నొప్పి లేకపోతే వ్యాయామం వృథా అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. కీలులో సూదిలా పొడిచినా, వాచినా అది తీపు కాదు, ఆపెయ్. మూత్రం కోలా రంగులోకి మారితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళు, నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు.

ఇప్పుడే ఖరీదైన లిఫ్టింగ్ బూట్లు కొనకు. స్కూల్లో డ్రిల్లుకి వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లు గుర్తున్నాయా? పల్చటి గట్టి రబ్బరు అడుగు, వేళ్ళు విప్పుకునే చోటు ఉంటే చాలు, నీ బరువులకి అవి ఎక్కువే. డెడ్‌లిఫ్ట్‌కి (నేల మీది బార్‌ని పట్టుకుని నిటారుగా లేవడం) కూడా అవే మంచివి, మడమ ఎత్తు లేదు కాబట్టి బార్‌ని లేపాల్సిన దూరమూ తగ్గుతుంది. ఒట్టి సాక్సులతో మాత్రం టైల్స్ మీద నిలబడకు, జారుతుంది.

చీలమండ సంగతి తేల్చుకోవాలంటే గోడకి ఎదురుగా మోకాలి మీద కూర్చుని, ముందున్న పాదం బొటనవేలు గోడకి నాలుగంగుళాల దూరంలో పెట్టు. మడమ లేపకుండా మోకాలు గోడకి తగిలితే నీకు ఎత్తు మడమలు అక్కర్లేదు. తగలకపోతే రెండు సెంటీమీటర్ల మందం చెక్క ఒకటి కోయించి, రెండు మడమల కింద అడ్డంగా పెట్టుకుని చెయ్యి. బార్‌కి తగిలించే చిన్న బరువు ప్లేట్లు రెండు పెట్టుకుంటారు కొందరు, నాకు అవి నచ్చవు, కదులుతాయి. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు గొంతుక్కూర్చో. మీ అమ్మమ్మ అలాగే కూర్చుని గంటలకొద్దీ కూరగాయలు తరిగేది, ఆవిడ చీలమండలకి ఏ బూటూ అవసరం రాలేదు. నువ్వు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుంటావు, తేడా అక్కడే. మూడు నాలుగు నెలలైనా మడమలు లేస్తూనే ఉంటే అప్పుడు ఆ బూట్లు నేనే కొనిపెడతాను. కొన్న రోజు నుంచి కొత్త వ్యాయామం కింద లెక్క, సగం బరువుతో మొదలుపెట్టాలి.

వచ్చే ఆదివారం మళ్ళీ వీడియో తియ్యి. వట్టి బార్ చాలు. ఫోన్ నేల మీద పక్కనుంచి పెట్టు, పాదాలు కనపడాలి.

మీ మామయ్య